కాంటా మనిషి శనివారం

ఎనుమాముల మార్కెట్లో ఆరు వేబ్రిడ్జిలు,
నలభై రోజుల్లో సరిచేసి వెళ్లాలి. అంతే నా పని.
వారమంతా మిరపఘాటుకి తుమ్ముతాను
ఇరవై కిలోల ఇనపగుండ్లు ఎక్కిస్తాను, దించుతాను.
లారీతో పాటు చీమ ఎక్కినా తెలియాలంటారు మా ఆఫీసులో.
చీమ సంగతి అబద్ధం. పది కిలోల దాకా మాఫీ ఉంది.

శనివారం యార్డు గేటు మూశాక
హనుమకొండ చౌరస్తాలో లాడ్జి, మూడో అంతస్తు:
మంచం, బకెట్టు, గోడకి పోయినేడు క్యాలెండరు.
కౌంటర్లో ఐలేష్‌ని అడిగాను,
రాత్రిళ్లు ఈ ఊళ్లో ఏముంటుందయ్యా?
"వెయ్యిస్తంభాలు చూసిన్రా సార్?"
చూశాను.
"ఖిలా?"
అదీ అయింది.
రిజిస్టర్లో నా పేరు పక్కన
'వచ్చిన పని' గడి ఒకసారి చదువుకుని
గొంతు తగ్గించాడు.
"మరి, బండ్లు చూస్తరా?"

ఎల్కతుర్తి దాటాక, వదిలేసిన గ్రానైట్ క్వారీ.
కొండని పలకలుగా కోసుకుపోగా మిగిలిన గుంత.
రాతి మెట్ల మీద కాళ్లు వేలాడేసుకుని జనం
ఉడకబెట్టిన పల్లికాయలు ఒలుస్తూ.
వెలుగుకి రెండు ట్రాక్టర్లు.
సైలెన్సర్ పీకేసిన ఒక్క బండి
గోడగోడకీ తగిలి నాలుగు బండ్లయి తిరిగొస్తుంటే
నా పళ్లు కూడా వణికాయి, సంతోషంగా.

యాకూబ్ పాషా, నోట్లో స్పార్కు ప్లగ్గుతోనే మాట్లాడే మెకానిక్,
"సారుది తూకాల పని" అని ఎవరో అనగానే
స్టాప్‌వాచీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.
"ఇన్నొద్దులు టైం చూసినోడు మా బామ్మర్ది.
ఒక్కపాలి నిజం చెప్పలే."

సున్నం గీత పక్కన, ఆఫీసు బూట్లతో, నేను.
ఆఖరి రేసు ఓదెలుకీ, కొరియర్లు పంచే స్వరూపకీ.
రెండు ముందుచక్రాలు గీతని ఒకేసారి తొక్కాయి.
నాలుగు వైపులా గప్‌చిప్.
అందరూ నా మొహం చూస్తున్నారు,
కాంటా మీది అంకె కోసం రైతు చూసే చూపు.
వెంట్రుకవాసి ఎటైనా పడెయ్యొచ్చు, ఎవడికి తెలుస్తుంది?
"సమానం" అన్నాను.
బామ్మర్ది ఒక్కడే నవ్వాడు పకపకా:
"గిదేం తీర్పు సార్! సమానమన్నది
మా దిక్కు ఎవ్వలు చూడలే."

"మల్ల ఉరుకుదామా?" అంది స్వరూప, ఇంకా రొప్పుతూనే.
ఓదెలు ఫోను మోగింది. హెల్మెట్ సందులోంచే విన్నాడు.
"డ్యూటీ ఉన్నది. వచ్చే శనివారం."
క్వారీ అంచున చీకట్లో నిలబడి ఉంది అతని రెండో బండి:
తెల్లది, నెత్తిన నీలం లైటు.

నన్నూ ఎక్కించుకున్నాడు.
దారిలో నెలలు నిండిన మనిషి, ఆమె అత్త, ఒక ప్లాస్టిక్ బుట్ట.
గుంతలో గోడలు అదరగొట్టినవాడు
నిండుబిందె ఎత్తుకున్నట్టు నడిపాడు ఊరిదాకా.
ప్రతి గతుకుకీ ముందే గేరు దించాడు.
"నూటానాలుగున్నయ్ సార్ గీ తొవ్వల. లెక్క తప్పది."

ఎంజీఎం గేటు ముందు రాత్రి రెండున్నర.
నేను వెతికిన ఊరంతా అక్కడే మేలుకుని ఉంది.
ఇడ్లీ బండి ఆవిరి. చెప్పులే తలగడగా కొందరు.
రక్తం గ్రూపు ఫోన్లో అరిచి అరిచి చెప్తూ ఒకడు.
ఫ్లాస్కులు కిరాయికిచ్చే ముసలామె
నన్ను ఎగాదిగా చూసి, "నీ మనిషి ఏ వార్డు బిడ్డా?" అంది.
ఎవరూ లేరన్నాను.
"మరి గీడెందుకు?" అంటూనే చాయ్ పోసింది.
తాగుతూ కూచున్నాను, ఎవరో ఉన్నట్టే.
నాలుగింటికి ఓదెలు వచ్చి
"ఆడపిల్ల" అన్నాడు, గెలిచిన మొహంతో.

సోమవారం ఆరో కాంటా ఎక్కించి దించాను.
గుండు సూదంత తేడా లేదు.
మకాం ముగిసినట్టే, రాత్రి బండికి టికెట్టు కూడా ఉంది.
ఆఫీసుకి రిపోర్టు రాశాను:
ఆరోదాంట్లో ఇంకా కొంచెం ఊగుతోంది,
శనివారం దాటితే గానీ తేలదు.